పేరు మారితే దొరకని చరిత్ర: శాంతి, న్యాయ పరిశోధనలో వ్యాసాల అన్వేషణ

ఒక దేశంలో నియంతృత్వమో, జాతివివక్ష పాలనో ముగిశాక, ఆ కాలంలో జరిగిన హత్యలు, అపహరణలు, చిత్రహింసలను విచారించి నివేదిక ఇవ్వడానికి తాత్కాలికంగా ఏర్పాటు చేసే అధికారిక సంఘాన్ని ‘ట్రూత్ కమిషన్’ అంటారు. మనం పత్రికల్లో చదివే నిజనిర్ధారణ కమిటీలను ఎక్కువగా పౌరసంఘాలు వేస్తాయి. ట్రూత్ కమిషన్‌ను మాత్రం సాధారణంగా ప్రభుత్వమే నియమిస్తుంది.

ఈ అంశంపై మీరు అసైన్‌మెంటు రాయాలి అనుకుందాం. జేస్టోర్ వంటి డేటాబేసులో ‘ట్రూత్ కమిషన్’ అని ఇంగ్లీషులో టైపు చేస్తే దక్షిణాఫ్రికాపై వ్యాసాలు పుష్కలంగా వస్తాయి. అక్కడ 1995 చట్టం ప్రకారం ఏర్పడిన కమిషన్‌కు డెస్మండ్ టుటు అధ్యక్షుడు. 1996లో బహిరంగ విచారణలు మొదలయ్యాయి, 1998లో అయిదు సంపుటాల నివేదిక వెలువడింది. ఇవి చూసి, ఇలాంటి కమిషన్లు దక్షిణాఫ్రికాతోనే మొదలయ్యాయని మీరు రాస్తే అది తప్పు అవుతుంది. ఆ తప్పు ఎలా జరుగుతుందో పరిశీలిద్దాం.

పేరు కంటే ముందే పుట్టిన సంస్థ

అర్జెంటీనాలో 1976 నుంచి 1983 వరకు సైనిక పాలన సాగింది. వేలాది మందిని ఎత్తుకుపోయారు. వారు ఏమయ్యారో కుటుంబాలకు చెప్పలేదు. 1977 నుంచి తల్లులు రాజధానిలోని ప్లాజా డి మాయో కూడలికి వచ్చి బిడ్డల ఆచూకీ అడగసాగారు. 1983 డిసెంబరులో అధ్యక్షుడైన రౌల్ అల్ఫోన్సిన్ ఒక విచారణ సంఘాన్ని నియమించాడు. రచయిత ఎర్నెస్తో సాబతో దానికి నాయకత్వం వహించాడు. 1984లో ఇచ్చిన నివేదికలో 8,960 మంది అదృశ్యాన్ని ఆ సంఘం నమోదు చేసింది.

ఇప్పుడు ఆ సంఘం పేరు గమనించండి: ‘వ్యక్తుల అదృశ్యంపై జాతీయ కమిషన్’. అందులో ‘ట్రూత్’ అన్న మాట లేదు. 1990లో చిలీ నియమించిన కమిషన్ పేరులో సత్యం, సయోధ్య అనే రెండు మాటలూ చేరాయి. 1994లో ప్రిసిల్లా హేనర్ ‘హ్యూమన్ రైట్స్ క్వార్టర్లీ’ పత్రికలో 1974 నుంచి 1994 వరకు పనిచేసిన పదిహేను కమిషన్లను ‘ట్రూత్ కమిషన్లు’ అన్న ఒకే పేరు కింద పోల్చి చూపారు. అంటే అంతకుముందు వేర్వేరు పేర్లతో పనిచేసిన సంఘాలను కూడా పండితులు తర్వాత ఈ పేరుతో పిలిచారు.

డేటాబేసు ప్రధానంగా మీరిచ్చిన మాటను పట్టుకుని వెతుకుతుంది. 1985లో అర్జెంటీనాపై రాసిన వ్యాసంలో ఆ మాట లేకపోతే, అది మీ ఫలితాల్లోకి రాకపోవచ్చు. వ్యాసం లేక కాదు, మీరు దాన్ని దాని కాలపు పేరుతో పిలవక.

ఎలా వెతకాలి?

1. మొదట మాటల పట్టిక రాసుకోండి. సంస్థ అసలు పేరు, దేశం పేరు, ఆ కాలంలో వాడిన మాటలు, తర్వాత వచ్చిన మాటలు అందులో ఉండాలి. అర్జెంటీనా విషయంలో ‘కోనాడెప్’ అనే సంక్షిప్త నామం, అదృశ్యమైనవారికి స్పానిష్‌లో వాడే ‘దెసపరెసీదోస్’ అనే మాట తప్పనిసరి.
2. రెండు మూడు మాటలు కలిపిన పదబంధాన్ని ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంచండి. ఒకే అర్థమున్న మాటల మధ్య ‘ఆర్’, వేర్వేరు భావాల మధ్య ‘అండ్’ వాడండి. ‘ఆర్’ ఫలితాలను పెంచుతుంది, ‘అండ్’ తగ్గిస్తుంది.
3. ప్రచురణ సంవత్సరాలకు హద్దు పెట్టి రెండుసార్లు వెతకండి: 1983–1990కి ఒకసారి, ఆ తర్వాతి కాలానికి ఒకసారి. రెండు జాబితాల్లోని తేడాయే మీకు చరిత్ర చెబుతుంది.
4. మంచి వ్యాసం ఒకటి దొరికితే దాని అధోజ్ఞాపికల ద్వారా వెనక్కి వెళ్లండి. దాన్ని ఉదహరించిన వ్యాసాలను గూగుల్ స్కాలర్‌లో చూసి ముందుకు రండి.

ఎవరి మాటతో వెతుకుతున్నాం?

మాట ఎంపికలో న్యాయం ప్రశ్న కూడా ఉంది. దక్షిణాఫ్రికాలో రాజకీయ కారణాలతో చేసిన నేరాన్ని పూర్తిగా వెల్లడిస్తే క్షమాభిక్ష పొందే వీలుండేది. 1977లో పోలీసు నిర్బంధంలో మరణించిన స్టీవ్ బికో కుటుంబం, మరికొందరు బాధితులు దీన్ని రాజ్యాంగ న్యాయస్థానంలో సవాలు చేశారు. 1996లో న్యాయస్థానం చట్టాన్నే సమర్థించింది. మీరు ‘సయోధ్య’కు సరిపోయే ఇంగ్లీషు మాటతో మాత్రమే వెతికితే ఈ అసమ్మతి వెనకబడుతుంది. ‘క్షమాభిక్ష’, ‘నష్టపరిహారం’, ‘అజాపో’ కేసు పేరు చేర్చితే ముందుకు వస్తుంది.

దూరంగా ఉన్న విద్యార్థికి

విశ్వవిద్యాలయ ప్రాంగణం దగ్గర లేదని నిరుత్సాహపడకండి. జేస్టోర్‌లో ఉచిత వ్యక్తిగత ఖాతాతో పరిమిత సంఖ్యలో వ్యాసాలు చదవవచ్చు. డీవోఏజే ద్వారా ఉచితంగా లభించే పత్రికలు తెలుస్తాయి. లాటిన్ అమెరికా పండితుల రచనలకు సైయెలో ఉపయోగపడుతుంది. వెతికిన ప్రతిసారీ తేదీ, డేటాబేసు, వాడిన మాటలు నోటు పుస్తకంలో రాసుకోండి. ఏమీ దొరకనప్పుడు ‘దీనిపై ఎవరూ రాయలేదు’ అనుకునే ముందు, ‘నేను ఏ మాటతో అడిగాను?’ అని ఆ పుస్తకం తిరగేయండి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. 1984 నాటి అర్జెంటీనా నివేదికపై వ్యాసాలు ‘ట్రూత్ కమిషన్’ అన్న మాటతో ఎందుకు దొరకకపోవచ్చు?
2. మీకు నచ్చిన ఒక దేశాన్ని తీసుకుని, బాధితులు వాడిన మాటలు రెండు, ప్రభుత్వం వాడిన మాటలు రెండు రాయండి. వాటితో విడివిడిగా వెతికి ఫలితాలను పోల్చండి.