మద్రాసు కంటే ముందు మన దుగరాజపట్నం

పోటీ పరీక్షల కోసం "1639, మద్రాసు, ఫ్రాన్సిస్ డే" అని ఒక్క లైను బట్టీ పెడతాం. ఆ డే మద్రాసుకు పోయింది మన నెల్లూరు తీరం నుంచేనని మాత్రం మనకెవరూ చెప్పలేదు. తోటపల్లి గూడూరు నుంచి తీరం వెంబడి దక్షిణానికి పోతే దుగరాజపట్నం వస్తుంది. ఇంగ్లీషువాళ్ల రాతల్లో దాని పేరు ఆర్మగాన్. వాళ్లకు సాయపడిన ఆర్ముగ మొదలియారు పేరే అలా మారిందంటారు.

ఇంగ్లీషువాళ్లు అక్కడికి వచ్చింది డచ్చివాళ్ల పోరు పడలేక. ఇంగ్లండు, హాలండు సముద్రానికి అటూ ఇటూ ఉన్న ఇరుగుపొరుగు దేశాలు. ఇద్దరికీ మన నేతగుడ్డ కావాలి. జావా, మలుక్కా దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే ఈ గుడ్డే బాగా చెల్లేది. డచ్చివాళ్లు 1613 నాటికే పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టుకుని కూర్చున్నారు.

1619లో రెండు దేశాలూ రాజీపడ్డాయి. జావా మిరియాల్లో చెరిసగం, మలుక్కా సరుకులో ఇంగ్లీషుకు మూడోవంతు, పులికాట్ వ్యాపారంలో సగం, కోట ఖర్చులోనూ వాటా. పేరుకు స్నేహం. లోపల లెక్క వేరు: కొనేవాళ్లిద్దరూ ఒకటైతే అమ్మేవాడి ధర పెరగదు కదా! 1623లో అంబోయినాలో డచ్చివాళ్లు కుట్ర నేరం మోపి పదిమంది ఇంగ్లీషువాళ్ల తలలు తీశారు. పొత్తు అంతటితో చెడింది. 1626 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్లు దుగరాజపట్నంలో ఫిరంగులతో సొంత కోట పెట్టుకున్నారు. అక్కడ గుడ్డ సరిగా దొరక్క, చవకగా దొరికేచోటు వెతుక్కుంటూ డే మద్రాసు చేరాడు.

పులికాట్ ఓడల్లో గుడ్డ ఒక్కటే పోలేదు, మనుషులూ పోయారు. కరువులో తిండిలేక తమను తాము, కన్నపిల్లల్ని అమ్ముకున్నవాళ్లను డచ్చివాళ్లు కొని బటావియాకు తోలారు. ఈ సంగతి బట్టీ పెట్టే లైన్లలో ఉండదు.

1824లో ఇద్దరూ మళ్లీ కాగితం రాసుకున్నారు. సుమత్రా డచ్చివాళ్లకు, ఇండియాలోని డచ్చి స్థావరాలు ఇంగ్లీషుకు. మరుసటేడు పులికాట్ చేతులు మారింది. ఇక ఈ తీరంలో పోటీకి ఎవడూ లేడు. 1835లో శ్రీహరికోటను కుంపెనీ సర్కారు నేరుగా పట్టుకుంది. అక్కడి మన యానాదులు అడవి సరుకు ఏరి తెస్తే కొనేది సర్కారొక్కటే, ధర చెప్పేదీ సర్కారే.