కళాశాలలయందలి వాదములు

విశాఖపట్టణమునందలి సీతమ్మధార కనతిదూరమున వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నెలకొనియున్నది. 1926వ సంవత్సరమున బెజవాడ కేంద్రముగా నేర్పడిన యీ విద్యాపీఠము 1930లో నిచ్చటికిఁ దరలివచ్చెను. ఇట్టి విద్యాస్థానములయందు బోధించువారి విసుగొకటి కలదు. తరగతిలోఁ జర్చకొక విషయము నొసఁగినచో గడియలోపల నది కలహమగును. గంట మ్రోఁగువేళకు విషయము మఱుగుపడి మనస్తాపము మాత్రము మిగులును. ఈ దోషము వాదించువారి యావేశమునందున్నదా, వాదవిధానమునందున్నదా యని విచారింపవలసియున్నది.

మన పూర్వులీ భేదము నెఱుఁగుదురు. తత్త్వనిర్ణయమునకై చేయునది వాదమనియు, జయాపేక్షతోఁ జేయునది జల్పమనియు, స్వపక్షమును స్థాపింపక పరపక్షమును ఖండించుట మాత్రమే వితండయనియు గౌతముని న్యాయదర్శనము విభజించినది. పరాజయహేతువులగు నిగ్రహస్థానములు 22 అందుఁ జెప్పఁబడినవి. వానిలో అననుభాషణ మొకటి. ఎదిరిమాట సభకుఁ దెలిసి, మూఁడుమాఱులు పలుకఁబడినను, దానిని మరలఁ జెప్పఁజాలనివాఁడు ఓడినట్లే. కావున ఎదిరిమాటను వినుట వాదాధికారమునకుఁ దొలి పరీక్ష యయ్యెను.

ఆధునికాంధ్రమునఁ గళాశాలలను గలఁచిన వాదములలోఁ బ్రసిద్ధమైనది గ్రాంథిక వ్యావహారిక వివాదము. విద్యార్థి తన తెలుఁగు వ్యాసము నే భాషలో వ్రాయవలెనను ప్రశ్నయే దీనికిఁ గేంద్రము. గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడ అప్పారావుగారు, విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాసయ్యంగారుగారు శిష్టవ్యావహారికమును సమర్థించిరి. జయంతి రామయ్య పంతులుగారు మున్నగువారు 1911లో నేర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు నాశ్రయించి గ్రాంథికమును రక్షింపఁబూనిరి. ఉభయపక్షములందును బరుషోక్తులకుఁ గొదవ లేకుండెను. మద్రాసు విశ్వవిద్యాలయపు టుపసంఘమున గ్రాంథికపక్షమే నెగ్గెను. అప్పారావుగారు 1914లోఁ దమ యసమ్మతిపత్రమును సమర్పించిరి. 1915లో వారు దివంగతులగునాఁటికి వారి పక్ష మోడియే యుండెను.

అయినను ఆ వాదము వ్యర్థము కాలేదు. సంఖ్యాబలమున నోడిన అప్పారావుగారు తమ హేతువులను గ్రంథస్థము చేసిరి. వ్యావహారికమునకుఁ బూర్వాచార మున్నదని నిరూపించుటకై రామమూర్తి పంతులుగారు ప్రాచీన వచనములను వెదకి గద్యచింతామణిని గూర్చిరి. గ్రాంథికపక్షమువారు పీఠికాపురాధీశ్వరుని పోషణమున సూర్యరాయాంధ్ర నిఘంటువునకుఁ బూనుకొనఁగా, దాని ప్రథమసంపుటము 1936లో వెలువడెను. 1924లోఁ బరిషత్తు వ్యావహారికముపైఁ దన నిషేధమును దొలఁగించెను. నాఁటి పరుషోక్తులను నేఁడు స్మరించువారరుదు. ఆ నిఘంటువును, ఆ యసమ్మతిపత్రమును మాత్రము ఉభయపక్షముల వారసులును విప్పి చూచుచునే యున్నారు.

నేఁటి తరగతులలో లోపించిన దీ శ్రమయే. ఆవేశము నణఁచినచోఁ జర్చయే చల్లాఱిపోవును. విద్యార్థి తాను బలుకుటకు ముందు ఎదిరిమాటను ఎదిరి యొప్పుకొనునట్లు చెప్పవలెను. ఓడినవాఁడు తన యసమ్మతిని సాధనములతో వ్రాసి మఱునాఁడు తేవలెను. ఈ రెండు నియమములు గల తరగతిలోఁ గంఠము హెచ్చినను భయము లేదు. బోధకు లీ మార్గమును బరీక్షించి చూతురు గాక.