చెఱువుకట్టకు కాపెవ్వరు?



మా నేలకొండపల్లి చాల పాతయూరు. విరాటరాజు కొలువుండిన చోటిదియేయని మాలో పెద్దలు చెప్పుకొందురు. అది పురాణము, ఊరివెలుపలి బౌద్ధస్తూపము చరిత్ర. భద్రాచల రామదాసని లోకమెఱిగిన కంచెర్ల గోపన్న పుట్టినదియు నిచ్చటనే. ఈ యూరికి బాలసముద్రమను చెఱువు గలదు. పొరుగూరినుండి వచ్చినవారు స్తూపమును జూతురు, రామదాసుని దలంతురు, చెఱువు నిండియున్నచో మెచ్చుకొందురు. ఆ నీటిని నిలిపిన కట్టవంక మాత్రము చూడరు. ఎవరును చూడని యా మట్టికట్టను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

మన ప్రాంతమున వానలు నాలుగు నెలలే. తక్కిన యెనిమిది నెలలు రైతుచూపు మబ్బుమీదనే యుండును. గుట్టకును గుట్టకును నడుమ మట్టిని పోసి వాననీటిని నిలుపుట మన పూర్వులు పట్టుకొన్న యుపాయము. కాకతీయ గణపతిదేవుడు 1199 మొదలు 1262 వఱకు రాజ్యమేలెను. పాకాల చెఱువు ఆయన కాలముననే వెలసినది. 1213లో రామప్పగుడిని నిలిపిన రేచెర్ల రుద్రుడు గుడితోపాటు చెఱువును గూడ కట్టించెను. గణపతిదేవుని సోదరి మైలాంబ మనకు దూరముగాని బయ్యారములో చెఱువు కట్టించి, ధర్మకీర్తిసముద్రమని పేరిడి, శాసనము వేయించినది. చెఱువు సప్తసంతానములలో నొకటి గదా! అయితే కొడుకును కనినంత మాత్రమున చాలదు, పెంచవలెను. చెఱువు సంగతియు నంతే. కట్టుట యొక యెత్తు, కాపాడుట యొక యెత్తు.

ఈ రెండవ యెత్తును గూర్చి మన పూర్వులు శాస్త్రదృష్టితో నాలోచించిరనుటకు కడపసీమలోని పోరుమామిళ్ల శాసనము సాక్షి. అది 1369వ సంవత్సరపుది. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అచ్చట ననంతరాజసాగరమను చెఱువును కట్టించెను. దినమునకు వేయిమంది కూలివారును, రాళ్లు తోలుటకు నూఱు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు అందు వ్రాయబడియున్నది. మంచి చెఱువునకు పండ్రెండంగములు కావలెనని ఆ శాసనము చెప్పును. ధర్మపరుడగు రాజు, జలశాస్త్ర మెఱిగిన విద్వాంసుడు, గట్టిమన్ను గల నేల, దూరమునుండి తియ్యనినీరు తెచ్చు నది, కట్ట యానుకొనుటకు కొండ, మిక్కిలి పొడవుగాక దిటవుగల కట్ట, పనితెలిసిన కూలివారు వానిలోనివి.

పిదప చెఱువునకు రాగూడని దోషము లాఱింటిని చెప్పినది. మొదటిది కట్ట నీరూఱుట. రెండవది చవిటినేల. మూడవది రెండు రాజ్యముల పొలిమేరయం దుండుట. నాలుగవది చెఱువు నడుమ మిట్ట యుండుట. ఐదవది నీరు కొంచెమై పాఱవలసిన పొలము విస్తారమగుట. ఆఱవది చోటు కొంచెమై నీరు విస్తారమగుట. వీనిలో నైదు మంటికి, నీటికి సంబంధించినవి. మూడవది మాత్రము మనుష్యులకు సంబంధించినది. నేను విద్యార్థిగా నున్నపుడు ఈ మూడవదాని భావము నాకు తెలియలేదు. పొలిమేర నీటికి తెలియునా? శత్రురాజు వచ్చి కట్ట తెగగొట్టునను భయముచేత వ్రాసియుందురని సరిపెట్టుకొంటిని. దాని యసలు భావము నాకు అఱువదియేండ్లు దాటిన పిమ్మట తెలిసినది.

మన భద్రాద్రి యడవిసరిహద్దున, అశ్వారావుపేట మండలము గుమ్మడవల్లియొద్ద పెద్దవాగు ప్రాజెక్టు కలదు. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు వెలేరుపాడు, కుక్కునూరు మండలములు ఆంధ్రప్రదేశమున గలిసినవి. కట్ట తెలంగాణములో నుండిపోయినది. ఆయకట్టులో పెద్దపాలు ఆవలి రాష్ట్రమున కేగినది. కట్టగలవారికి పొలము కొంచెము. పొలము గలవారికి కట్టమీద నధికారము లేదు. మరమ్మతునకు ఎవరెంత పెట్టుకొనవలెనను ప్రశ్న నడుమ నిలిచిపోయినది. 2024 జూలై 18వ తేదీన మహావృష్టి కురిసి వాగు పొంగినది. మూడు తలుపులలో నొకటి లేవలేదని నాటి పత్రికలు వ్రాసినవి. మట్టికట్టకు గండిపడి దిగువపల్లెలు జలమయములైనవి. ఆనాటి వాన సామాన్యమైనది కాదనుట నిజమే. అయినను, వానను నిందించిన కట్ట తిరిగి లేవదు. ఆఱువందల యేబదియేండ్లనాటి శాసనకర్త మూడవదోషమని యేల వ్రాసెనో నాకు నాడు బోధపడినది. ఇద్దఱిది యైన కట్ట యెవ్వరిదియు గాకుండ పోవునని ఆయన భావము.

ఒక కట్ట తెగిన నొక్క చెఱువే పోవుననుకొనరాదు. మన చెఱువులు గొలుసుకట్టు చెఱువులు. పైచెఱువు మత్తడినీరు క్రింది చెఱువునకు చేరును. పైకట్ట తెగినచో నా నీరంతయు నొక్కుమ్మడిగ క్రిందికట్టమీద పడును. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ హైదరాబాదును ముంచినపుడు, కారణము నరయుటకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరమునకు ఎగువనున్న 788 చెఱువులలో 221 తెగినవని తేల్చిరి. పల్లెలోని చిన్నకట్టల దుర్బలత పట్టణమునకు మృత్యువైనది.

ఇక నా కనులార చూచినది చెప్పెదను. నా బాల్యమున మా బంధువుల గ్రామమున నొక చిన్న చెఱువుండెడిది. దానికి ముసలి నీరటి కాపు. వానరాత్రులందు లాంతరు పట్టుకొని అతడు కట్టమీదగాక కట్ట వెలుపలియడుగున నడచెడివాడు. ఊటనీరు కనబడినచోట దోసిట పట్టి లాంతరు వెలుగున జూచెడివాడు. “తెల్లనీరైతే కట్టకు చెమట, బాబయ్యా, ఎఱ్ఱనీరైతే నెత్తురు” అని నాతో ననెను. నీరు తేటగా నూఱినచో కట్ట మన్ను కదలలేదన్నమాట. బురదనీరు వచ్చినచో లోపల బుంగపడి మన్ను కొట్టుకొని పోవుచున్నదన్నమాట. నేటి యింజనీర్లును ఈ పరీక్షనే చెప్పుదురు.

ఆ నీరటి పోయిన తరువాత ఆ పనికి మఱియొకడు రాలేదు. ఒక యేడు నీరింకను నిలువవలెనను ఆశతో రైతులు మత్తడిమీద మూరెడెత్తు ఇసుకమూటలు వేసిరి. వేసినవారిలో మావారును నుండిరి. మూటలు మోసినవారిలో నేనును నుంటిని. నాలుగవరాత్రి గాలివానకు నీరు కట్టమీదుగ పొర్లి గండిపడినది. ఆ యేటి వరియు, మఱుసటి యేటి విత్తనమును పోయినవి. మత్తడి చెఱువునకు ఊపిరిదారి. దానిని మూసినవారము మేమే. ఈ మాట చెప్పుటకు నాకిన్నాళ్లు సిగ్గుగా నుండెను. చెప్పకుండుట యంతకన్న తప్పు.

2015లో ఆరంభమైన మిషన్ కాకతీయచేత మన చెఱువులనేకము పూడిక తీయబడినవి, సంతోషము. 2021లో దేశమునకు ఆనకట్టల భద్రతాచట్టము వచ్చినది, అదియు మంచిదే. కాని యా చట్టము పదునైదు మీటర్లకు మించిన కట్టలకును, పది మొదలు పదునైదు మీటర్లలోపు వానిలో కొన్నింటికిని మాత్రమే వర్తించును. మన పల్లెచెఱువుల కట్టలలో మిక్కిలిభాగము పది మీటర్లకు లోపలనే యుండును. కాబట్టి వాని మంచిచెడ్డలు మొదట చూడవలసిన కన్ను ఊరి కన్నే.

చూడవలసినవి కొన్నియే. మృగశిరకు ముందొకసారియు, చెఱువు నిండిన పిమ్మట పుబ్బకార్తెలో నొకసారియు కట్టను కొసనుండి కొసవఱకు నడువుడు. బండ్లు, గొడ్లు త్రొక్కి కట్ట కుంగినచోట మన్ను పోసి దిమ్మిస చేయింపుడు. ఎండ్రకాయల బొఱియలను, పందికొక్కుల కలుగులను పూడ్పింపుడు. తుమ్మ, వేప మొలకలుగా నున్నప్పుడే తీయింపుడు. పెద్దచెట్టును నఱికి వేళ్లను వదలినచో నవి క్రుళ్లి నీటికి దారియగును; దానికి ఇంజనీరును సంప్రదింపుడు. మత్తడికడ చేపలకై వలలు, తడికలు అడ్డము పెట్టనీయకుడు. బురదనీరూఱినచో వెంటనే అధికారులకు తెలిపి దిగువవారిని మేల్కొల్పుడు. ఊటను వెలుపలివైపు బంకమన్నుతో మూయుట ప్రమాదము. నీరు వేఱొకచోట పొడుచుకొని వచ్చును. దానిమీద ముందు ఇసుక, పైని కంకర, ఆపైని రాళ్లు పఱచినచో నీరు పోవును, మన్ను నిలుచును. తూము తెఱచి నీటిని మెల్లగా తగ్గింపవలెను. ఒక్కసారిగా దించినచో లోపలివాలు జాఱును.

ఆశ్వయుజమున బతుకమ్మను సాగనంపుటకు ఊరంతయు కట్టమీదికి వచ్చును. కట్టమైసమ్మకు మ్రొక్కును. చెఱువు నిండియుండు దినములలో ఊరంతయు కట్టను చూచుటకు ఇంతకన్న మంచి సమయమేది? ఆనాడు పూలతోపాటు రెండు కన్నులను గూడ తీసికొనిపొండు. కట్ట యొక యూరిది, పొలము వేఱొక యూరిది యైనచోట రెండూళ్ల పెద్దలు వానకు ముందే కూర్చుండి, ఎవరు చూడవలెనో, ఎవరు పెట్టుబడి పెట్టవలెనో, రాత్రివేళ ఎవరికి కబురు చేయవలెనో కాగితముమీద వ్రాసికొనుడు. పోరుమామిళ్ల శాసనము చెప్పిన మూడవదోషమునకు విఱుగుడు అదియే.

నీరటి లాంతరు ఆరిపోయినది. ఇప్పుడు ప్రతియింటను దీపమున్నది, చేతిలో టెలిఫోనున్నది. కట్ట వెలుపలియడుగున నడచు మనిషి యొక్కడే కావలసియున్నది. అతడెవరో మీ యూరిలో ఈ యేడే నిర్ణయింపవలెనని కోరుచు సెలవు గైకొనుచున్నాను.