కర్వ్స్ చేసి పంపు

ఛత్తాబజార్ కమాను దాటి లోపలికి పోతే రెండు పక్కలా పెళ్లికార్డుల దుకాణాలే. వెనక గల్లీల్లో స్క్రీన్ ప్రింటింగ్, కటింగ్ మిషన్లు, బైండింగ్. సాలార్‌జంగ్ మ్యూజియం చూడ్డానికొచ్చేవాళ్లు ఇంత దగ్గరికొచ్చి కూడా ఈ బజారు చూడకుండానే మళ్లుతారు. నన్నడిగితే హైదరాబాద్ కంప్యూటర్ల చరిత్ర రాసేవాళ్లు మాదాపూర్ కన్నా ముందు ఇటు రావాలి. 1998లో అక్కడ సైబర్ టవర్స్ తెరిచేనాటికే, ఒక కంప్యూటర్‌లో కొట్టిన మాట ఇంకో కంప్యూటర్‌లో ఎట్లా తెరవాలన్న పంచాయితీ మాకు రోజూ ఉండేది.

నేను గౌలిపురా వాణ్ణి. తొంభైల మధ్యలో ఇక్కడ తెలుగు డీటీపీ ఆపరేటర్‌గా చేరిన. అప్పటికి బజారులో కాతిబ్‌లు, అంటే ఉర్దూ చేత్తో రాసేవాళ్లు, ఇంకా కూర్చుని రాస్తుండేవాళ్లు. మా దుకాణం మెట్ల పక్కన ఒక పెద్దాయన ఉండేవాడు, అందరం ఉస్తాద్ అనేవాళ్లం. రెల్లు కలం చెక్కుకుని, బటర్ పేపర్ మీద పెళ్లికొడుకు పేరు రాస్తుంటే గిరాకీలు కూడా మాట్లాడకుండా చూసేవాళ్లు. ఉర్దూ రాసే నస్తాలిక్ రాత గీత మీద నిలబడదు. మాట పైన మొదలై కిందికి వాలుతుంది, అక్షరం తన పక్కన ఏది కూర్చుందో చూసి రూపు మార్చుకుంటుంది. సీసపు అచ్చులతో ఆ వాలు రాబట్టడం కష్టం. అందుకే తెలుగు పత్రికలు అచ్చు కేసుల నుంచి అక్షరాలు ఏరుకుంటున్న రోజుల్లో కూడా ఉర్దూ పత్రికలు చేతిరాతను అచ్చు తీసే లిథో మీదే నడిచాయి. 1949లో సియాసత్ మొదలైన కాలంలో ఉర్దూ దినపత్రిక అంటే ప్రతి పేజీ కాతిబ్ చేత్తో రాసిందే.

దానికి విరుగుడు పాకిస్తాన్‌లో దొరికింది. మీర్జా అహ్మద్ జమీల్ అనే ఆయన మోనోటైప్ కంపెనీతో కలిసి, విడి అక్షరాలు గీయడం మానేసి, కలిసిపోయిన ముక్కలకు ముక్కలే గీయించాడు. దాదాపు ఇరవై వేల ముక్కలు. అదే నూరీ నస్తాలిక్. 1981లో లాహోర్‌లో జంగ్ పత్రిక దాంతోనే మొదలైంది. 1994లో ఢిల్లీలోని కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ వాళ్లు దాన్ని మామూలు కంప్యూటర్‌లోకి తెచ్చారు. అదే ఇన్‌పేజ్. కంప్యూటర్ వెనక ప్రింటరు తగిలించే చోట ఒక తాళం, మేం డాంగిల్ అనేవాళ్లం, పెడితేనే అది నడిచేది. దొంగ కాపీలు ఎన్ని నడిచాయో బజారుకే తెలుసు. ఉస్తాద్ మొదట్లో దాన్ని చూసి నవ్వేవాడు. తర్వాత పేర్ల వరకే రాసి, కింది వివరాలు కంప్యూటర్‌కు వదిలేశాడు.

తెలుగు సంగతి వేరే. మాకు పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, అందులో అను ఫాంట్లు. ఇంగ్లీషు కోసం 1963లో అమెరికావాళ్లు స్థిరపరచిన ఆస్కీ పట్టికలో ఉన్నవి 128 గళ్లు. తర్వాత దాన్ని పొడిగిస్తే 256 అయ్యాయి. తెలుగు వత్తులు, గుడులు, తలకట్లు ముక్కలుగా కోసి ఆ గళ్లలోనే కూర్చోబెట్టారు. తెలుగు అక్షరాలు ఇంగ్లీషు ఇళ్లలో అద్దెకున్నట్టు. ఏ గదిలో ఎవరుంటారన్నది ఒక్కో ఫాంటు కంపెనీ తన ఇష్టప్రకారం తేల్చుకుంది. మా దుకాణంలో అను, నాలుగు దుకాణాల అవతల శ్రీలిపి. అక్కడి ఫ్లాపీ తెచ్చి ఇక్కడ తెరిస్తే డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న యూరపు అక్షరాలు, మధ్యలో ఎక్కడో ఒక ప్రశ్న గుర్తు. శుభలేఖలో వధువు పేరు అందులో ఎక్కడుందో బ్రహ్మకు కూడా తెలియదు. కీబోర్డులూ అంతే: మాడ్యులర్ మీద చేయి తిరిగినవాడు ఆపిల్ కీబోర్డు మీద కూర్చుంటే పసిపిల్లాడే.

పాతబస్తీలో ఈ చిక్కు ఎక్కడ బిగుసుకునేదంటే, లాల్‌దర్వాజా బోనాల పోస్టరు దగ్గర. ఎన్నికల పోస్టరు దగ్గర ఇంకా ఎక్కువ. అందులో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఒకే కాగితం మీదికి రావాలి. ఒక సాఫ్ట్‌వేర్ కుడి నుంచి ఎడమకు రాస్తుంది, ఇంకోటి ఎడమ నుంచి కుడికి. ఒకదాని ఫైలు ఇంకోటి తెరవదు. మొదట్లో మా పరిష్కారం కత్తెర, గోందు. ఉర్దూ ప్రింటు, తెలుగు ప్రింటు వేరువేరుగా తీసి, కత్తిరించి, ఒక షీటు మీద అంటించి, నెగెటివ్‌కు పంపేవాళ్లం. అంటించిన అంచు నీడ పడితే ఫిల్ము మీద ఎర్రరంగుతో కప్పాలి.

తర్వాత బొమ్మలు గీసే కోరల్‌డ్రా వచ్చింది. ఇన్‌పేజ్ పేజీని ఈపీఎస్ అనే బొమ్మ ఫైలుగా తీసి కోరల్‌లో పెట్టుకుంటే ఉర్దూ వచ్చి కూర్చునేది. తెలుగు అక్కడే కొట్టి, రెండింటినీ కర్వ్స్ చేస్తే, అంటే అక్షరాలను వట్టి గీతల బొమ్మలుగా మార్చేస్తే, ఏ ప్రెస్సు కంప్యూటర్‌లోనైనా, ఫాంటు ఉన్నా లేకున్నా, ఉన్నదున్నట్టు వస్తుంది. అప్పటి నుంచి బజారంతా ఫోన్లలో ఒకటే మాట: కర్వ్స్ చేసి పంపు.

ఈ మాట మా బతుకు నడిపించింది, నిజమే. కానీ అది చేసిందేమిటో కూడా చెప్పుకోవాలి. కర్వ్స్ చేసిన తర్వాత అందులో భాష ఉండదు. తప్పు దిద్దలేం, మాట వెతకలేం, పేర్లు అక్షరక్రమంలో పెట్టలేం. పెళ్లికూతురు తండ్రి పేరులో ఒక దీర్ఘం పోతే, మొదట కొట్టిన దుకాణానికే పరుగెత్తాలి. అక్కడ అసలు ఫైలు చెరిపేసి ఉంటే మళ్లీ కొట్టాలి. మేం ఒకరికొకరం పంపుకున్నది అక్షరాల రూపమే గానీ అక్షరాలు కావు. ఉస్తాద్ బటర్ పేపర్ ఇచ్చి పంపినప్పుడు జరిగిందీ అదే.

ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు. సీడాక్ వాళ్ల కంప్యూటర్‌లో మన లిపులు చూపే జిస్ట్ కార్డు, 1991లో భారత ప్రమాణంగా నిలిచిన ఇస్కీ పట్టిక మాకు ముందే ఉన్నాయి. ఆ పట్టికలో క అంటే తెలుగులోనైనా హిందీలోనైనా ఒకటే సంకేతం. లిపి మారిస్తే అదే మాట నాగరిలో కనబడేది. గొప్ప ఆలోచన. కానీ ఉర్దూకు వేరే పట్టిక పెట్టారు. ఢిల్లీలో ఆ విడదీత ఎవరికీ నొప్పి కాకపోవచ్చు, చార్మినార్ నీడన పోస్టరు వేసేవాడికి అదే నొప్పి. పైగా డీటీపీకి కావలసింది అందమైన ఫాంట్లు, అవి అనులో ఉన్నాయి.

అన్ని లిపులనూ ఒకే పట్టికలోకి తెచ్చింది యూనికోడ్, 1991లోనే. తెలుగు గళ్లు ఇస్కీ వరుసను పట్టుకునే వచ్చాయి, 128. ఉర్దూ అక్షరాలు అరబిక్ వరుసలో. ఆ సంకేతాలను కంప్యూటర్ల మధ్య పంపే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక హోటల్లో రాత్రి భోజనం చేస్తూ టేబుల్ మీది కాగితం మీద గీశారు. చాయ్ బిల్లు వెనక లేఅవుట్ గీసే మా బజారువాళ్లకు ఆ కథ తెగ నచ్చుతుంది. ఆ లెక్కలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, ఉర్దూకు రెండు, తెలుగుకు మూడు.

2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక తెలుగు యూనికోడ్ మామూలు కంప్యూటర్‌లో కనబడింది. పత్రికల వెబ్‌సైట్లు అప్పటికీ ఎవరి ఫాంటు వాళ్లదే. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చదివించడానికి నాగార్జున వెన్న 'పద్మ' అనే పనిముట్టు రాశారు. మా దుకాణానికి మాత్రం ఆ గాలి తగల్లేదు. పేజ్‌మేకర్ 2001లో ఏడో నంబరుతో ఆగిపోయింది, యూనికోడ్ నేర్చుకోకుండానే. అందులో చేయి తిరిగిన మేమూ ఆగిపోయినం.

ఉర్దూ పక్క మాకన్నా ముందే కదిలింది. యూనికోడ్‌లో జమీల్ నూరీ నస్తాలిక్ ఫాంటు రాగానే కుర్రాళ్లు ఇన్‌పేజ్ వదిలి నేరుగా కొట్టడం మొదలుపెట్టారు. వాళ్ల తిప్పలు ఇప్పుడు వేరే: ఉర్దూ వాక్యం మధ్యలో ఫంక్షన్ హాలు ఫోన్ నంబరు, తేదీ పెడితే అంకెల మధ్య గీతలు అటుదిటు అవుతాయి.

మాకు ఇవాళ పని తిరగబడింది. గిరాకీ శుభలేఖ మొత్తం తనే ఫోన్లో తెలుగులో కొట్టి వాట్సాప్‌లో పంపుతాడు. శుద్ధమైన యూనికోడ్. దాన్ని నేను కన్వర్టర్‌లో వేసి వెనక్కి, అనులోకి మారుస్తా. వత్తులు తారుమారైనచోట కూర్చుని దిద్దుతా. 'టైపు నేనే చేసి పంపిన గదనే అన్నా, మళ్ల కంపోజింగ్ పైసలెందుకు?' అని అడుగుతారు. వాళ్ల ముందే ఆ మెసేజ్ కాపీ చేసి పేజ్‌మేకర్‌లో అతికిస్తా. స్క్రీన్ నిండా ప్రశ్న గుర్తులు. అప్పుడు సగం పైసలకు ఒప్పుకుంటారు.