రౌటరు కొలతలు, విశాఖ తుపాను

విశాఖ రేవులో ‘థ్రూపుట్’ అంటే ఒక బెర్తు మీదుగా నిర్ణీత కాలంలో దాటిన సరుకు. దాన్ని టన్నుల్లో చెబుతారు. నెట్‌వర్క్ ఇంజినీర్లకూ ఇదే మాట ఉంది, కానీ వాళ్ల నియమం మరింత కఠినం. సమాచారాన్ని మోసే ఒక్క ప్యాకెట్టు కూడా పోగొట్టకుండా రౌటరు దాటించగల గరిష్ఠ వేగమే దాని థ్రూపుట్. ఈ నిర్వచనాన్ని 1991 జులైలో ఆర్‌ఎఫ్‌సీ 1242 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం స్థిరపరిచింది. రాసినవారు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ బ్రాడ్నర్. అప్పటిదాకా తయారీదారులు ఎవరికి అనువైన అంకెను వాళ్లు ప్రకటించుకునేవారు. రెండు రౌటర్లను పక్కపక్కన పెట్టి పోల్చే దారి కొనేవారికి ఉండేది కాదు.

మాటలకు అర్థం కుదిరాక పద్ధతి కావలసి వచ్చింది. జిమ్ మెక్‌క్వెయిడ్‌తో కలిసి బ్రాడ్నర్ 1996లో దాన్ని రాశారు. 1999 మార్చిలో సవరించి ఆర్‌ఎఫ్‌సీ 2544గా వెలువరించారు. పద్ధతి సులువైనదే. పరీక్షా యంత్రం ఒక వైపు నుంచి ప్యాకెట్లు పంపుతుంది, రెండో వైపు వచ్చినవాటిని లెక్కపెడుతుంది. లెక్క తగ్గితే వేగం తగ్గించి, సరిపోతే పెంచి, మళ్లీ పంపుతుంది. తుది ఫలితానికి ఒక్కో ప్రయత్నం కనీసం 60 సెకన్లు సాగాలి.

ఈథర్నెట్‌కు 64 బైట్ల నుంచి 1,518 బైట్ల దాకా ఏడు ఫ్రేము (తీగ మీద ప్యాకెట్టు వెళ్లే రూపం) పరిమాణాల్లో ఈ పరీక్ష చేయాలని పత్రం చెప్పింది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఒకే బరువున్న సరుకు పది పెద్ద పెట్టెల్లో వస్తే క్రేనుకు పది ఎత్తులతో పని అయిపోతుంది. అదే వెయ్యి బస్తాలుగా వస్తే చాకిరీ వెయ్యి సార్లు. రౌటరు కూడా ప్రతి ప్యాకెట్టు చిరునామా చూసి దారి వెతకాలి, ప్యాకెట్టు చిన్నదైనా ఆ పని తగ్గదు. సెకనుకు ఒక గిగాబిట్ మోసే తీగ మీద 1,518 బైట్ల ఫ్రేములు సెకనుకు 81,274 మాత్రమే పడతాయి. 64 బైట్లవైతే 14,88,095 పడతాయి. పెద్ద ఫ్రేములతో తీరిగ్గా నడిచే యంత్రం చిన్నవి వచ్చేసరికి చతికిలబడటానికి కారణం ఇదే. ఫ్రేము పరిమాణం చెప్పని వేగం అంకెను నమ్మకపోవడమే మంచిది.

ఆలస్యాన్ని, అంటే లేటెన్సీని, కొలిచే తీరు మరింత ఓపికైనది. థ్రూపుట్ వేగంతో 120 సెకన్లు ప్యాకెట్లు పంపుతూ, 60 సెకన్లు గడిచాక ఒకదానికి గుర్తు పెడతారు. అది లోపలికి వెళ్లిన క్షణానికీ బయటికి వచ్చిన క్షణానికీ మధ్య తేడా చూస్తారు. ఇలా 20 సార్లు చేసి సగటు తీస్తారు. ఈ పరీక్షా ప్యాకెట్లు పొరపాటున బయటి ఇంటర్నెట్‌లోకి జారినా ఎవరి సొంత చిరునామాతోనూ కలవకుండా 198.18, 198.19తో మొదలయ్యే చిరునామాలను వీటికే కేటాయించారు.

ఇదంతా ఒంటరిగా బల్ల మీద పెట్టిన యంత్రానికి పెట్టే పరీక్ష. జనం వాడుతున్న నెట్‌వర్కుపై దీన్ని ప్రయోగిస్తే ప్యాకెట్ల వరదలో అసలు వాడకందారులే ఇబ్బంది పడతారు. అందుకే నడుస్తున్న నెట్‌వర్కులపై వద్దని 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6815 స్పష్టంగా చెప్పింది. దానికి ఏడాది ముందే ఆర్‌ఎఫ్‌సీ 6413 ఇంకో ప్రశ్నను చేపట్టింది. ఒక దారి తెగితే, రెండో దారికి మళ్లడానికి రౌటరుకు ఎంతసేపు పడుతుంది? ఇక్కడ గడియారంతో పని లేదు, పోయిన ప్యాకెట్లే కాలాన్ని చెబుతాయి. సెకనుకు 1,000 చొప్పున పంపినప్పుడు 300 పోతే, దారి మారడానికి పట్టింది 0.3 సెకను.

ఈ ప్రశ్న విలువ ఎంతో విశాఖపట్నం 2014 అక్టోబరు 12న చూసింది. ఆ రోజు హుద్‌హుద్ తుపాను నగరం దగ్గరే తీరం దాటింది. కరెంటు స్తంభాలు నేలకొరిగాయి, సెల్ టవర్లు మూగబోయాయి, విమానాశ్రయం దెబ్బతింది. ఉక్కు కర్మాగారంలో విద్యుత్తు పోయి ఉత్పత్తి ఆగింది. విద్యుత్తు అందని రౌటరుకు థ్రూపుట్ సున్నా. కొనేటప్పుడు చూసిన పరీక్షా నివేదికలో ఎంత పెద్ద అంకె ఉన్నా ఆ రోజు అక్కరకు రాదు.

తరువాత రాష్ట్రం పల్లెలకు ఇంటర్నెట్ చేర్చే ఏపీ ఫైబర్‌నెట్ ప్రాజెక్టు చేపట్టింది. కందకాలు తవ్వే ఖర్చూ కాలమూ కలిసొచ్చేలా తీగను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. దాని నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్ విశాఖలో నెలకొంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ ప్రాజెక్టును ప్రారంభించారు. చవగ్గా, త్వరగా పల్లెలకు చేరడానికి స్తంభాలు మంచి ఆసరా, అందులో సందేహం లేదు. అయితే గాలివానలు తరచుగా వచ్చే ఈ తీరంలో, దారి మార్పు పరీక్షకు ప్రయోగశాలలో లేని ఒక షరతు చేరుతుంది. అక్కడ ఒక తీగ పీకి, రెండోది పనిచేస్తుందో లేదో చూస్తారు. ఇక్కడ రెండో తీగ కూడా అదే స్తంభాల వరుస మీద ఉంటే, రెండూ ఒకే గాలికి తెగుతాయి.