కొక్కెపు సూది, కూరగాయల బొమ్మలు

దారంతో అల్లిన వంకాయలు, టమాటాలు చేతిపనుల సంతల్లో కనిపించడానికి చాలా ముందే తెలుగునాట కర్ర కూరగాయలు ఉన్నాయి. నిర్మల్‌లోని నకాషీలు, అంటే చెక్కబొమ్మలు చేసి వాటికి రంగులు వేసే వంశపారంపర్య కళాకారులు, తేలికైన పొణికి చెక్కను ముక్కలుగా మలచి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, సుద్దపూత ఆరాక రంగులు దిద్ది, చేత పట్టుకుంటే గాని బొమ్మలని తెలియనంత సహజమైన పండ్లనూ కూరగాయలనూ తయారుచేస్తారు. ఏటికొప్పాక లక్కపిడతలు పిల్లల ఆటవంటకు గిన్నెలూ చెంబులూ సమకూర్చగా, నిర్మల్ కూరగాయలు మాత్రం పిల్లల చేతికన్నా పెద్దల గాజు అలమారకే ఎక్కువగా చేరాయి.

దారపు కూరగాయకు కావలసిన కొక్కెపు సూది వేరే దారిలో వచ్చింది. క్రోషే అని పిలిచే ఈ అల్లికలో కొన వంగిన ఒకే ఒక సూదితో దారాన్ని ఉచ్చులోంచి ఉచ్చుకు లాగుతారు. మగ్గం అక్కరలేదు, చట్రం అక్కరలేదు, పని మధ్యలో పొయ్యి దగ్గరికి లేచి వెళ్ళినా చెడిపోయేది లేదు. ఐరోపాలో 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో వ్యాప్తి చెందిన ఈ విద్య, 1840లలో ఐర్లండు కరవు కాలంలో బీద కుటుంబాలకు కూలి సంపాదించిపెట్టే పనిగా మారింది. గోదావరి జిల్లాల్లో దీనిని స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844 ప్రాంతంలో నేర్పారని ప్రతీతి. క్రైస్తవ మిషన్ల నీడలో మొదలైన పని క్రమంగా నరసాపురం, పాలకొల్లు పరిసర గ్రామాల్లోకి పాకి, వ్యాపారుల చేతికి వెళ్ళి, విదేశాలకు ఎగుమతయ్యే లేసు పరిశ్రమగా స్థిరపడింది.

ఈ పరిశ్రమ అమరికను జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన గ్రంథంలో వివరంగా పరిశీలించారు. ఆమె చూపినట్లు, లేసు పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో కూర్చే అతుకుపని మరొకరిది. దారం ఇచ్చి సరుకు పట్టుకుపోయే ఏజెంటు వేరు, ఎగుమతిదారు వేరు. అల్లిన స్త్రీకి తన పువ్వు ఏ వస్తువులో భాగమైందో, ఆ వస్తువు ఎంతకు అమ్ముడైందో తెలిసే వీలు లేదు. గంటల కొద్దీ సాగే ఈ శ్రమను తీరికవేళ కాలక్షేపంగానూ, చేసేవారిని కార్మికులుగా కాక గృహిణులుగానూ పరిగణించడమే కూలి అంత తక్కువగా ఉండడానికి కారణమని మీస్ వాదించారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది గాని, పేరుకు దక్కిన రక్షణ కూలికి దక్కుతుందని అనుకోనక్కరలేదు.

గోదావరి జిల్లాల నుంచి తెలంగాణ వైపు వస్తే, మోత్కూర్, ఆలేరు, పోచంపల్లి, పుట్టపాకలు ఉన్న నల్లగొండ ఎగువ ప్రాంతంలో దారం అంటే మగ్గమే. లేసు సూది ఇక్కడి జీవనాధారం కాలేదు. అయినా ఇంటి స్త్రీ శ్రమ లెక్కకు రాని తీరు ఇక్కడా ఒకటే. చిటికి కట్టి రంగులద్దే చీరకు ముందుగా పోగును అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల చుట్టూ వేల సార్లు తిప్పాలి. ఆసు పోయడం అనే ఈ పనిలో భుజాలు పడిపోయేది స్త్రీలకు, చీర మీద పేరు మాత్రం మగ్గానిది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడిన బాధ చూసి 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించిన తరువాతే ఆ శ్రమ సంగతి బయటి లోకానికి తెలిసింది.

ఇక దారపు కూరగాయ బొమ్మల అల్లిక జపాన్ నుంచి వచ్చిన పద్ధతి. అమిగురుమి అని పిలిచే ఈ పనిలో, దూది లేదా కృత్రిమ పీచు కూరిన చిన్న బొమ్మలను అల్లుతారు. 2000 తరువాతి దశాబ్దంలో ఇది ప్రపంచమంతటా పాకింది. టమాటా అల్లాలంటే బిగించదగిన దారపు ఉంగరంలో ఆరు కుట్లు వేసి, వరుసకు ఆరు చొప్పున పెంచి, కావలసిన వెడల్పు రాగానే పెంచడం ఆపి కొన్ని వరుసలు నేరుగా నడిపి, పీచు కూరి, తిరిగి తగ్గిస్తూ మూసివేస్తారు. క్యారెట్‌కు పెంపు నిదానంగా సాగాలి. వంకాయకు తొడిమ విడిగా అల్లి కుట్టాలి. కుట్టు వదులైతే లోపలి పీచు కనిపిస్తుంది కనుక లేసుకు వాడే సన్నని సూది ఒడుపు ఇక్కడ సరిపోదు, చేయి బిగువుగా నడవాలి. క్రోషే కుట్టును యథాతథంగా వేసే యంత్రం పరిశ్రమల్లో వాడుకలోకి రాకపోవడం వల్ల ఈ బొమ్మ ఎక్కడ తయారైనా చేతిపనే.

లేసుతో పోల్చితే అసలు తేడా ఇక్కడే ఉంది. మొదటి ఉంగరం నుంచి చివరి ముడి వరకు టమాటా ఒకే మనిషి చేతిలో పూర్తవుతుంది, కాబట్టి చేతిపనికీ అతుకుపనికీ మధ్య ఏజెంటు దూరే సందు ఉండదు. అయితే అమ్మే చోటు కావాలి. 1938లో హైదరాబాదులో మొదలై 1946 నుంచి నాంపల్లిలో జరుగుతున్న నుమాయిష్, 1992లో మాదాపూర్‌లో వెలసిన శిల్పారామం, స్వయంసహాయక సంఘాల సరస్ ప్రదర్శనలు అటువంటి చోట్లు. అక్కడ చేసినవారే ధర చెప్పగలరు. ఒక వంకాయకు ఎన్ని గంటలు పట్టిందో కొనేవారికి అక్కడే చెప్పవచ్చు, ఆ మాట విన్న తరువాత కూడా బేరం ఆడేవారు లేకపోలేదు.

అమ్మే చోటు దొరికినా నిబంధన ఒకటి ఉంది: 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ ముద్ర తప్పనిసరి అయింది. పరీక్షల ఖర్చు చిన్న చేతిపనివారు భరించలేనిది కనుక, కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకూ 2020 డిసెంబరులోనే మినహాయింపు ఇచ్చారు. నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలకు ఆ గుర్తింపు ముందే ఉంది. దారపు కూరగాయలకు అటువంటి ఊరి పేరు లేదు. వాటిని అల్లే స్త్రీ మినహాయింపు పొందాలంటే గృహిణిగా కాక హస్తకళాకారిణిగా తన పేరు రాయించుకోవలసి ఉంటుంది.