గ్యాస్ క్రొమటోగ్రఫీ – మాస్ స్పెక్ట్రోమెట్రీ

మిశ్రమంలోని పదార్థాలను విడదీసి, ఒక్కొక్కటీ ఏమిటో గుర్తించే విశ్లేషణ పద్ధతి. ప్రయోగశాలల్లో దీన్ని జీసీ-ఎంఎస్ అంటారు. వాయు-ద్రవ క్రొమటోగ్రఫీని 1952లో జేమ్స్, మార్టిన్ ప్రకటించారు. దానికి మాస్ స్పెక్ట్రోమీటరును జతచేసిన తొలి ప్రయోగాలను 1950ల నడుమ అమెరికాలో గోల్కే, మెక్‌లాఫర్టీ చేశారు.

సిరంజితో ఒక మైక్రోలీటరు నమూనాను వేడి గదిలోకి ఎక్కిస్తే అది ఆవిరవుతుంది. ఆ ఆవిరిని హీలియం వాయువు సాధారణంగా 30 మీటర్ల పొడవు, పావు మిల్లీమీటరు లోపలి వ్యాసం ఉన్న సిలికా గొట్టం (కాలమ్) లోంచి మోసుకుపోతుంది. లోపలి పూతను ఎక్కువగా అంటిపెట్టుకునే పదార్థం ఆలస్యంగా బయటపడుతుంది. అలా వచ్చిన అణువులను శూన్యంలో 70 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఎలక్ట్రాన్లు ఢీకొట్టి, అయాన్లుగా మార్చి ముక్కలు చేస్తాయి. ఈ అయాన్లను ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తి వరుసలో గీతలుగా చూపే పటమే స్పెక్ట్రమ్. కెఫీన్ అయితే 194 దగ్గర అసలు అణువు గీత, 109 దగ్గర ఒక ముక్క గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఈ గీతలను కంప్యూటర్ తన భాండారంలోని స్పెక్ట్రమ్‌లతో పోల్చి పేరు సూచిస్తుంది. ఆ పేరును గుడ్డిగా నమ్మకూడదు. ఉదాహరణకు, ఒకే అణుసూత్రం గల మూడు జైలీన్ల స్పెక్ట్రమ్‌లూ దాదాపు ఒకటే. మామూలు కాలమ్‌లో వాటిలో మెటా, పారా రకాలు బయటికి కూడా కలిసే వస్తాయి.

ఆవిరి కాని ప్రోటీన్ల వంటివాటికి ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ ద్రవ క్రొమటోగ్రఫీదే పని.

1976లో వైకింగ్ ల్యాండర్లు ఈ పరికరాన్ని అంగారకుడి మీద దించాయి. అందులో కనిపించిన క్లోరోమీథేన్ భూమి నుంచి వెంట వెళ్లిన మలినమేనని అప్పట్లో తేల్చారు. వేడి చేసినప్పుడు కర్బన పదార్థాలతో చర్య జరిపి క్లోరోమీథేన్‌ను పుట్టించగల పెర్క్లోరేట్‌ను 2008లో ఫీనిక్స్ ల్యాండర్ అక్కడి మట్టిలో గుర్తించాక ఆ తీర్పుపై చర్చ మళ్లీ మొదలైంది.